పాట వచ్చే దారి

"గంట పడ్తది సార్, జర కూసోండ్రి," అని సురేందర్ రెండు ఫోన్లనూ గాజు బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టి మధ్యలో తెల్ల తీగ తగిలించాడు. విజయరత్నం కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని కుదురు ఎక్కడుంది, ఒళ్ళు స్టూలు అంచు మీద, మనసు ఆ తీగ మీద. పాతది కూతురు షెర్లిన్ వాడి ఇచ్చిన ఐఫోను. నాలుగేళ్లు మారుమాట్లాడకుండా పనిచేసి, పోయిన వారం నుంచి పూరీలా ఉబ్బడం మొదలుపెట్టింది. సురేందర్ దాన్ని చేతిలోకి తీసుకున్నంత వేగంగానూ కింద పెట్టేసి, "గిది ఇంట్ల ఛార్జింగు పెట్టకుండ్రి సార్, పేలుతది," అన్నాడు. బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలదా అంటే లోపల పలక సుత పోయిందన్నాడు. అందుకని కొత్తది, ఇంకో కంపెనీ ఆండ్రాయిడ్, షెర్లిన్ బంజారా హిల్స్‌లో తన ఆఫీసు నుంచే ఫోను చేసి ఖాయం చేసేసింది. పాతది ఇక్కడే ఇచ్చేసి, సిమ్ము కొత్తదాంట్లో వేయించుకుని, నాలుగడుగులు వేస్తే మెట్రో, దిగితే మధురానగర్, ఇల్లు, టీ. అంతే పని. లోకంలో రోజుకు ఎన్ని లక్షల మంది ఫోన్లు మార్చుకుంటారు, ఎవరికైనా అరచేతులు ఇలా చెమటలు పడతాయా? తెల్లారితే ఆదివారం. ఆరింటికి పదిహేను నిమిషాల ముందు రోజూలాగే ఫోనుకు పాట రావాలి. ఈ తీగ పని అయిపోయాక ఆ పాట ఏ దారిన వస్తుందో ఆయనకు తెలియదు.

తెలియదని కూడా ఇందాకే తెలిసింది. అన్నీ కొత్తదాంట్లోకి వచ్చేస్తాయి కదా అని మాటవరసకు అడిగితే, ఫోటోలొస్తయ్, నంబర్లొస్తయ్, వాట్సాప్ ముచ్చట్లొస్తయ్ అని వేళ్ళు మడుస్తూ మడుస్తూ సురేందర్ ఆగాడు. "గీ నీలం మెసేజులు మాత్రం రావు సార్. అవి ఐఫోనుకెల్లి ఐఫోనుకే పోతయ్. పాతయి నేను జమ చేసి ఇస్త, ఫికర్ చెయ్యకుండ్రి. కొత్తయి మాత్రం గీ ఫోనుకు రానే రావు." అవతలివాళ్ళు పంపితే ఏమవుతుంది అని అడిగాడు విజయరత్నం. ఎటూ కాకుండ పోతయ్ సార్, అన్నాడు సురేందర్, చాలా మామూలుగా, ఈ మాట రోజుకు పదిమందితో అనేవాడి గొంతుతో. "ఇద్దరికి ఉండే యాప్ ఏదన్న ఒకటి పెట్టుకోండ్రి. ఏ కంపెనీ ఫోనైనా నడుస్తది. వాట్సాపో, టెలిగ్రామో, సిగ్నలో, మస్తున్నయ్. అవతలోళ్లకు ఒక ముక్క చెప్తే అయిపాయె." ఒక ముక్క చెప్తే అయిపోతుందట. ఆ ఒక్క ముక్క చెప్పలేకనే కదా నాయనా మూడేళ్ళు.

మూడేళ్ళు. బల్ల మీద కొత్త ఫోను తెరలో ఎంత పనయిందో చూపే గీత ఒక వేలెడు జరిగింది. బయట ఎవరో కాలేజీ పిల్లలు చేతుల్లో కోచింగు సెంటర్ల కరపత్రాలతో విసురుకుంటూ పోతున్నారు. అమీర్‌పేటలో ఎండకు గొడుగు దొరక్కపోవచ్చు గాని విసురుకోవడానికి కరపత్రం దొరక్కపోదు. పైన మెట్రో వెళ్ళింది. దాని చక్రాల కీచు ఆయన ఎడమ చెవిలో ఒక స్వరంగా, కుడి చెవిలో దానికి కాస్త కిందుగా ఇంకో స్వరంగా పడింది, రెండూ కలవక గీరుకున్నాయి. ఆయన తల ఒక పక్కకు తిప్పుకున్నాడు. ఈ తల తిప్పుకోవడం ఈ మధ్య అలవాటైంది. భార్య అడిగితే మెడ పట్టేసిందన్నాడు, డాక్టరు దగ్గరికి ఎందుకెళ్ళావంటే చెవిలో గులిమి ఉందన్నాడు. ముప్పై ఏళ్ళ నుంచి పంజాగుట్ట క్రైస్తవ గుడిలో పాటల బృందానికి మాస్టరు. నీళ్ళ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన రోజున దండ వేసినవాళ్ళు కూడా మాస్టారూ అనే పిలిచారు. అలాంటి మనిషి చెవి సంగతి చెవిలోనే ఉంచుకున్నాడు.

పాట అంటే పాట కాదు, ఒక్క పాదం. పొద్దున ఆరింటికి పదిహేను నిమిషాల ముందు చెల్లెలు కృపామణి ఒక్క పాదం పాడి పంపుతుంది. నమస్కారం లేదు, వందనాలు లేవు, అన్నా అన్న పిలుపు లేదు. వెనకాల కుక్కర్ చప్పుడో, చీపురు చప్పుడో, ఆ చప్పుళ్ళ మధ్య అరవయ్యేళ్ళ గొంతు, గీసిన గీతలా సూటిగా. అది విని ఆయన హార్మోనియం ముందు కూర్చుని దాని తరవాతి పాదం వాయించి పంపుతాడు. పాడడు. మెట్టు నొక్కితే పలికే స్వరానికి ఆయన చెవితో పని లేదు. అంతటితో ఆ రోజుకు అన్నాచెల్లెళ్ళ మాటలు అయిపోయినట్టు. ఇది నాన్న పెట్టిన పద్ధతి. నాన్న మిషను బడిలో పంతులు. రాత్రి కుటుంబ ప్రార్థనలో మొదటి పాదం ఆయన ఎత్తుకునేవాడు, రెండోది అమ్మ, మూడోది విజయుడు, నాలుగోది కృప. చాపకు ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు మూతులు ముడుచుకుని కూర్చున్నా సరే, పాట నీ దాకా వచ్చిందంటే అందుకోవాలి. అలిగితే మాట మానెయ్యి, అన్నం మానెయ్యి, పాట మాత్రం కింద పడకూడదు. పెన్సిలు ముక్క కోసం జుట్లు పట్టుకున్న రాత్రి కృప ఏడుపు గొంతుతోనే నాలుగో పాదం అందుకుంది, ఎక్కిళ్ళ మధ్య కూడా శ్రుతి పోలేదు. నాన్న కళ్ళు తెరిచి దాన్నొకసారి చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఆ చూపు తనకెప్పుడూ దొరకలేదని విజయరత్నానికి అరవై మూడేళ్ళ వయసులోనూ కాస్త అసూయే.

మొన్న శ్రమకాలంలో, ఉపవాసపు నలభై రోజుల్లో మొదటివారం, ఒక పొద్దున ఫోను టింగుమంటే చూశాడు. కృప. రెండేళ్ళ పైచిలుకు మౌనం తరవాత కృప. లోపల మాటల్లేవు, ఒక్క పాదం, అంతే. వాళ్ళబ్బాయి మార్క్‌కు పంపబోయి తనకు పంపిందో, మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు వెళుతున్న గుడివాళ్ళకు పంపబోయిందో, లేక కావాలనే పంపిందో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు, తేల్చుకోవడం ఇష్టం లేదు కూడా. ఎవరికి రాసిన ఉత్తరమైతేనేం, చేతికి వచ్చింది. హార్మోనియం దుమ్ము తుడిచి తరవాతి పాదం వాయించి పంపాడు. పంపాక ఫోను దిండు కింద దాచేశాడు, చిన్నపిల్లాడు పక్కింటి గంట కొట్టి పారిపోయినట్టు. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఎనిమిది నెలలు. వాన పడ్డా, కరెంటు పోయినా, ఆమెకు జలుబు చేసినా వచ్చింది. జలుబు చేసిన వారం గొంతు బొంగురుగా ఉంది, అయినా స్వరం మీదే నిలబడింది. మందు వేసుకున్నావా అని అడగాలనిపించి మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు చెరిపేశాడు. మాట పెడితే పాట ఆగిపోతుందేమోనని భయం. పాట ఉందంటే ఆమె ఉంది, తనమీద కోపం ఉన్నా తను ఉన్నాడని ఆమెకు గుర్తుంది. అది పోతే తనకేం మిగులుతుంది? అదీ ఆయన అరచేతి చెమట.

"ఏ యాప్ ఎక్కియ్యమంటరు సార్?" సురేందర్ కొత్త ఫోను తన వైపు తిప్పుకున్నాడు. "అందరు వాట్సాప్‌లనే ఉన్నరు కద, అదొక్కటి చాలదా?"

"అందులో కుదరదు. ఒకావిడకు పంపాలి."

"ఒకావిడనా?" సురేందర్ కనుబొమలు లేచాయి. "ఏం కత సార్?"

"మా చెల్లె, బాబూ. నన్ను అండ్ల బ్లాక్ చేసింది."

అనేశాడు. ముక్కూ మొహం తెలియని సురేందర్‌తో అనేశాడు, భార్యతో అనని మాట. సురేందర్ నవ్వు ఆపుకుని, ఇండ్లల్ల అయితయ్ సార్ గివన్ని, మా బామ్మర్ది సుత నన్ను చేసిండు, అని టెలిగ్రాం, సిగ్నల్ రెండూ ఎక్కించసాగాడు. విజయరత్నం తెర వైపు చూశాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, లోకమంతా ఒక యాప్‌లో ఉంటే తను మాత్రం చెల్లెలు ఉండే సందు వెతుక్కుంటున్నాడు. టెలిగ్రాంలో ఎవరున్నారు? నీళ్ళ ఆఫీసులో పాత దోస్తు రామకృష్ణ ఉన్నాడు, ఎప్పుడూ నాటువైద్యం పంపుతాడు. సిగ్నల్‌లో మార్క్ ఉన్నాడు. మేనల్లుడికి రాసి మీ అమ్మతో చెప్పమంటే? ఛీ, పిల్లల చేత రాయబారమా? పోనీ మాసబ్ ట్యాంక్ ఎంత దూరం, ఆటో ఎక్కితే ఇరవై నిమిషాలు, ట్రాఫిక్ ఉంటే నలభై. ఎన్నోసార్లు ఎక్కాలనుకున్నాడు. ఒకసారి ఎక్కాడు కూడా. మలుపు దగ్గర దిగి చాయ్ తాగి వెనక్కి వచ్చాడు. గుమ్మం ముందు నిలబడితే మొదటి మాట ఏదో ఒకటి అనాలి, ఆ మొదటి మాట మూడేళ్ళ క్రితం నోరు జారిన మాటకు సరిపడా ఉండాలి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేరని ఊరికే అన్నారా.

ఆ రోజు క్రిస్మస్ ప్రాక్టీసు. ఇంకా పది రోజులే ఉంది. గుడి పక్క హాల్లో నలభై మంది, ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది, ఎవరో తెచ్చిన సమోసాల నూనె వాసన. ఒంటరిగా పాడే పాట ఎప్పుడూ కృపదే, ఇరవై ఏళ్ళుగా కృపదే. ఆమె పై స్థాయికి వెళ్ళింది. విజయరత్నం చెవిలో ఏదో గీరుకుంది. ఆపమన్నాడు. మళ్ళీ పాడమన్నాడు. మళ్ళీ గీరుకుంది. కృపా, శ్రుతి తప్పుతున్నవ్. లేదన్నా. తప్పుతున్నవ్. మూడోసారి. ఎవరో గొంతు సవరించుకున్నారు. మాస్టరు చెవి మీద ఎవరు మాట్లాడతారు? అప్పుడన్నాడు. "వయసైపోయింది చెల్లె. గొంతు పోయింది. కూసో." ఇంత చిన్న మాట. వెనక వరసలో పీజీ చదివే అమ్మాయిని పిలిచి ఆ పాట ఆమెకిచ్చాడు. కృప కూర్చుంది. కూర్చుని, ప్రాక్టీసు అయ్యేదాకా కదలకుండా అలాగే ఉండి, చివరి ప్రార్థనకు ఆమెన్ చెప్పి, చీర కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. గొడవ చేసి వెళ్ళినా బాగుండేది. ఆ ఆమెన్ ఆయన్ని ఇప్పటికీ పట్టుకు పీకుతుంది. తరవాత కుటుంబం గ్రూపులో పెద్దమ్మ కొడుకు, అంతమందిలో ఆ మాటనొచ్చునా విజయన్నా అని రాశాడు. తప్పు చేసినవాడికే పౌరుషం ఎక్కువ. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆయన గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. మళ్ళీ చేరుస్తామన్నా చేరలేదు. జనవరి చివర కాస్త చల్లబడి, ఎలా ఉన్నావని కృపకు వాట్సాప్‌లో రాశాడు. ఒక్క టిక్కు. వారమైనా ఒక్క టిక్కే. బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గుండ్రం. బ్లాక్ చేసింది, అనుకున్నాడు. చెయ్యదా మరి, అని కూడా అనుకున్నాడు. ఆ పేజీ మొత్తం తుడిచేసి మళ్ళీ దాని జోలికి పోలేదు.

గీత ఇంకా జరిగింది, ముప్పావు వంతు అయింది. ఇంకా పావుగంట ఉంది. దాహం వేసింది. సురేందర్ ఇచ్చిన నీళ్ళు తాగుతుంటే పంజాగుట్టలో చెవి పరీక్ష చేసే గాజు గది గుర్తొచ్చింది, ఎందుకంటే అక్కడా ఇలాంటి కాగితపు గ్లాసే. పోయిన జనవరిలో. కుడి చెవిలో ఈల వేస్తున్నట్టుంటే వెళ్ళాడు. ఆ డాక్టరమ్మ మంజూష, షెర్లిన్ వయసుంటుంది, హెడ్‌ఫోన్లు తగిలించి ఒక చెవిలో ఒక స్వరం, ఇంకో చెవిలో ఒక స్వరం వినిపించి, రెండింట్లో ఏది ఎక్కువలో ఉందో చెప్పమంది. ఎడమది ఎక్కువ, కుడిది కాస్త తగ్గు అన్నాడు ముప్పై ఏళ్ళ అనుభవంతో, టక్కున. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. రెండూ ఒకటే స్వరం సార్, అంది. ఒకటే. ఆయన నవ్వాడు, లేదమ్మా తేడా ఉంది అన్నాడు. మళ్ళీ వినిపించింది. తేడా ఉంది. ఒకటే సార్, మీ కుడి చెవికి పైస్థాయి స్వరాలు జారి వినబడుతున్నాయి, ఇది మూడు నాలుగేళ్ళ నుంచే మొదలై ఉంటుంది, మీరు గమనించి ఉండరు. హాల్లో తను నిలబడే చోటు గుర్తొచ్చింది. కృప ఎప్పుడూ తనకు కుడి పక్కన. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చెవి తనది పోయి గొంతు ఆమెది పోయిందన్నాడు.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. కొయిర్ మాస్టరుకు చెవి పోయిందంటే ఇంకేముంది, నిలబడే చోటు పోతుంది, మాస్టారూ అన్న పిలుపు పోతుంది, ఆదివారం బృందం ముందు వేసుకునే తెల్ల అంగీ పోతుంది. తెల్ల అంగీ కోసం చెల్లెల్ని అలా ఉండనిచ్చాడు. అంత నీచుడా తను అంటే, అవును, పది నెలలుగా అంత నీచుడే. శ్రమకాలంలో ఆమె పాదం వచ్చిన పొద్దున ఫోను ఎడమ చెవికి పెట్టుకుని విన్నాడు. స్వచ్ఛంగా ఉంది. పై స్వరం మీద వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాన్న కళ్ళు తెరిచి చూసిన గొంతు, అదే. అది విని మంచం మీద కూర్చుని ఏడ్చాడు, భార్య లేస్తుందని దిండు మొహానికి అడ్డం పెట్టుకుని. ఇన్నాళ్ళూ ఆ గొంతు ఇంకో గుడిలో, ఎవరి మధ్యనో. ఈ బృందాన్ని ఆమె చేతిలో పెట్టి తను వెనక వరసలో కూర్చుంటే ఎంత బాగుంటుంది! ఆ ఊహ వస్తే భయం వెయ్యాలి, విచిత్రంగా హాయిగా ఉండేది.

"అయిపోయింది సార్." సురేందర్ తీగ పీకాడు. "నంబర్లన్ని వచ్చినయ్. వాట్సాప్ సుత తెరిచిన. మీ చెల్లె పేరు చెప్పుండ్రి, ఏ యాప్‌ల ఉన్నదో చూస్త." వద్దులే బాబూ అనేలోపు అతను కృప అని కొట్టేశాడు. తెర మీద కృపా చెల్లె అన్న పేరు వచ్చింది, దాని పక్కన బొమ్మ వచ్చింది. నల్లకళ్ళద్దాలు, మెలితిప్పిన మీసాలు, బుల్లెట్ బండి మీద ఒక కాలు కింద పెట్టి నిలబడ్డ పాతికేళ్ళ కుర్రాడు.

సురేందర్ బొమ్మనూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. "సార్, గీయననా మీ చెల్లె?"

విజయరత్నం కళ్ళజోడు సర్దుకున్నాడు.

"బ్లాక్ చేస్తే బొమ్మెట్ల కనిపిస్తది సార్? చెయ్యలే. గీ నంబరే వేరేటోళ్లకు పోయింది. అమ్మ నంబరు మార్చినట్టున్నది."

"మరి మెసేజులు వస్తున్నాయిగా, రోజూ?"

సురేందర్ పాత ఫోనులో నీలం మెసేజుల పైన పేరు మీద నొక్కి చూపించాడు. అక్కడ నంబరు లేదు, మెయిల్ అడ్రసు ఉంది. "మెయిల్‌కెల్లి వస్తున్నయ్ సార్. ఐఫోన్ల అట్ల సుత నడుస్తది."

హాస్పిటల్ సిమ్ము! కృప ముప్పై రెండేళ్ళు నర్సు, చివరికి హెడ్ నర్సు. ఆ నంబరు హాస్పిటల్ వాళ్ళిచ్చింది. రిటైరైంది ఎప్పుడు, ఆ జనవరి మొదటివారం. బ్యాడ్జీతో పాటు సిమ్ము కూడా తిరిగిచ్చి ఉంటుంది, ఇప్పుడది ఈ మీసాలాయనకు డ్యూటీతో పాటు వచ్చి ఉంటుంది. కొత్త నంబరు ఎక్కడ పెట్టి ఉంటుంది? అందరికీ ఒకేసారి తెలిసేచోట. కుటుంబం గ్రూపులో. తను తలుపు ధడాలున వేసుకుని వచ్చేసిన గ్రూపులో. బ్లాక్ చేసిందని మూడేళ్ళు ఆమె మీద అలిగాడు, తప్పు తనదని తెలిసిన తరవాత కూడా లోపల్లోపల, నువ్వూ తక్కువ తిన్నావా బ్లాక్ చేశావుగా అని ఒక మూల కూడబెట్టుకున్నాడు. ఆ మూల ఇప్పుడు ఖాళీ. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. బుల్లెట్ బండి కుర్రాణ్ణి చూస్తే మరీ నవ్వొచ్చింది. ఆయన మీసాలు చల్లగుండ.

సురేందర్ సిమ్ము తీసే పిన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఆగు, ఒక్క నిమిషం ఆగు, అన్నాడు విజయరత్నం. ఉబ్బిన ఫోను చేతిలోకి తీసుకున్నాడు, వెచ్చగా ఉంది. ఈ నీలం దారిలో ఇదే చివరిసారి. ఎనిమిది నెలలుగా ఆమె పాదం, ఆయన పాదం, ఆమె పాదం, ఆయన పాదం, ఒక్క అక్షరం లేని ఆ వరస కింద వేలు పెట్టాడు. మందు వేసుకున్నావా అని మూడుసార్లు చెరిపిన వేలే. రాశాడు. కృపా, ఫోను మారుస్తున్నాను. ఇందులో ఇంక నీ పాట రాదు. ఏ యాప్‌లో పంపుతావో చెప్పు, అదే పెట్టుకుంటాను. చదువుకున్నాడు. దరఖాస్తులా ఉంది. ఉండనీ. అతి మంచిగా రాయబోతే మళ్ళీ చెరపడమే అవుతుంది. పంపాడు.

ఏమీ రాలేదు. శనివారం నాలుగున్నరకు ఏం చేస్తుంటుంది, పడుకుని ఉంటుందా, గుడిలో పువ్వులు సర్దుతుంటుందా. షాపులోకి నలుగురు హాస్టలు అమ్మాయిలు వచ్చి ఫోను అద్దాలకు అట్టలు అడిగారు. ఒక బక్కపలచటి తండ్రి కొడుకు కోసం ఇయర్‌ఫోన్లు బేరం చేస్తున్నాడు. మూడు చుక్కలు కనబడ్డాయి, నీలం మెసేజు కింద, ఎగిరి పడుతూ. ఆగిపోయాయి. మళ్ళీ ఎగిరాయి. ఎవరో టైపు చేసి చెరిపేస్తున్నారు. ఇంట్లో అందరిదీ ఒకటే వేలు, ఒకటే రోగం.

వచ్చింది. "వాట్సాపే. కొత్త యాపులు నా వల్ల కావు. నా నంబరు నీ దగ్గర లేదా? రిటైరైన రోజే గ్రూపులో పెట్టిన. నువ్వే పలకలే." దాని కింద పది అంకెలు.

నువ్వే పలకలే. అంటే ఆమె కూడా మూడేళ్ళు తన జవాబు కోసం చూస్తూ కూర్చుంది. కొత్త నంబరు సేవ్ చేసుకోవాలి, వాట్సాప్‌లో వందనాలు పంపాలి, రేపు పొద్దున పాట కోసం చూడాలి, దారి దొరికింది, పని అయిపోయింది, సిమ్ము తియ్యమనొచ్చు. కాని ఆ అంకెలు నీలంగా, నొక్కితే మోగేలా ఉన్నాయి. ఈ పొద్దు పాట మీద పాట పంపి నోరు మూసుకుంటే ఇంకో పది నెలలు గడుస్తాయి. ఆయన నొక్కాడు. రెండుసార్లు మోగింది.

"అన్నా?"

మూడేళ్ళకు ఆ ఒక్క మాట. "కృపా," అన్నాడు, "కృపా, ఆ దినం శ్రుతి తప్పింది నువ్వు కాదు."

"ఏందన్నా? ఇనబడ్తలేదు! ఏడున్నవ్?" పైన మెట్రో వచ్చింది, రోడ్డు మీద కోచింగు సెంటరు ఆటో మైకులో జావా డెమో క్లాసు అని మొత్తుకుంటోంది.

"అమీర్‌పేటల ఉన్న! శ్రుతి తప్పింది నువ్వు కాదంటున్న!"

"ఏంది? గట్టిగ చెప్పు!"

"నా చెవి ఖరాబైంది!" అరిచాడు విజయరత్నం. "డాక్టరు చెప్పింది! నా చెవి పోయింది, నీ గొంతు కాదు! నలభై మంది ముందర నిన్ను కూసోమన్న. తప్పు నాది!"

హాస్టలు అమ్మాయిలు తిరిగి చూశారు. ఇయర్‌ఫోన్ల తండ్రి బేరం ఆపాడు. సురేందర్ పిన్ను పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మెట్రో వెళ్ళిపోయింది, ఆటో సందు తిరిగింది. షాపులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇంకొక్కపారి చెప్పు," అంది కృప. ఈసారి ఆమె గొంతులో కేక లేదు, నెమ్మదిగా ఉంది. వినబడక అడగడం లేదని ఆయనకు అర్థమైంది. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. అంతమందీ చూస్తుండగా, ఒక్కొక్క మాట విడివిడిగా, ప్రాక్టీసులో మాటలు నేర్పినట్టు చెప్పాడు. "నా చెవి పోయింది చెల్లె. నీ గొంతు బంగారం. పది నెలల సంది తెలిసి సుత చెప్పలే. రేపు మనోళ్ళందరి ముందర కూడ చెప్త."

అవతల ముక్కు చీదిన చప్పుడు. తరవాత ఇంకోసారి.

"ఏ చెవి?" అంది, హెడ్ నర్సు గొంతుతో.

"కుడిది."

"ఇప్పుడు ఫోన్ ఏ చెవికి పెట్టుకున్నవ్?"

చూసుకున్నాడు. కంగారులో కుడి చెవికే పెట్టుకున్నాడు. "కుడి చెవికే."

"ఎడమ చెవికి మార్చు. మూడేండ్ల తిట్లున్నయ్ నా దగ్గర, ఒక్కటి సుత కింద పడొద్దు."

విజయరత్నం ఫోను ఎడమ చెవికి మార్చుకున్నాడు. పిన్నుతో ముందుకొచ్చిన సురేందర్‌ను చేత్తోనే ఆపి, స్టూలు మీద ఈసారి పూర్తిగా కూర్చుని, "తిట్టు కృపా," అన్నాడు.